మంచినీళ్లు తాగి బయల్దేరిన అగస్టా

రాజోలు పక్కన కాలవ గట్టు మీద ఉండే లక్ష్మీతులసికి కాలు ఒకచోట నిలవదు. ఉతికిన బట్టలు మడతపెడుతుంది, మడత బాగాలేదని విప్పి మళ్లీ పెడుతుంది. గేటు దాకా వెళ్తుంది, గొళ్లెం తీస్తుంది, వేస్తుంది, వెనక్కి వచ్చేస్తుంది. భర్త త్రిమూర్తులు మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఫోనులో ఆ గొళ్లెం చప్పుడు విని, "ఎవరొచ్చేరు తులసీ?" అని అడుగుతాడు. "ఎవరూ రాలేదండీ, నేనే" అంటుంది.

గడప దాటని మనిషేం కాదు. పెళ్లిళ్లకీ, ఆస్పత్రికీ, బట్టల కొట్లకీ అన్నింటికీ వెళ్తుంది. పక్కన మాత్రం ఎవరో ఒకరు ఉండాలి. తన పని మీద తానొక్కతే బయల్దేరడమన్నది, నలభై దగ్గర పడుతున్నా, ఇంతవరకూ జరగలేదు.

అలాంటి మనిషికి గోదావరి ఒడ్డున దిండి ఊళ్లో ఒక పని ఉందని తెలిసింది. పర్యాటకుల బోటు మీద పని. ఎక్కినవాళ్లను పలకరించాలి, భోజనాలు వడ్డించాలి, ఒడ్డున కనిపించే ఊళ్ల పేర్లు చెప్పాలి. మాటా, నవ్వూ, చేతి వంటా తులసికి కొరత లేదు. కొరతల్లా గేటు దగ్గరే.

గేటు పక్క అరుగు మీద అత్తగారు పార్వతిగారు కూర్చుంటారు. కొబ్బరాకు ఈనెలు చీరి చీపుళ్లు కడతారు. కోడలు చెప్పులేసుకుంటే చాలు, చేతిలో కత్తి ఆగిపోతుంది. "ఎక్కడికే?" అంటారు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అడిగితే వెళ్లిన పని కాదంటారు. తెలుసుకోవాలనుంటే "దూరమా?" అనాలి. ఎవరైనా నోరు జారితే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. కోడలికి ఇదంతా నేర్పింది పార్వతిగారే. నేర్పినావిడే అడుగుతారు. అడిగిన మరుక్షణం నాలిక్కరుచుకుని, "అయ్యో, వచ్చి కూర్చోవే, మంచినీళ్లు తాగు" అంటారు. ఆ నీళ్లు గొంతు దిగేలోగా ఆవిడకొక పని గుర్తుకొస్తుంది. ఎండబెట్టిన మిరపకాయలో, పాలవాడో. తులసి చెప్పులు విప్పేస్తుంది. అది మతిమరుపా, మనసులో మాటా అని తులసికి ఎప్పుడూ సందేహమే. నన్నడిగితే రెండూనూ.

దిండి వాళ్లు రమ్మన్న రోజున అలాగే ఆగిపోయింది. బతిమాలి ఇంకో రోజు అడిగింది, ఆ రోజూ ఆగిపోయింది. "ఈ గురువారం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామమ్మా" అని ఫోనులో చెప్పేశారు. అప్పటినుంచి తులసి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది.

ఆవిడకు ఊరట ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. పక్కింట్లో తోడికోడలి కూతురు యామిని బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తోంది. బెంగళూరులో ఉన్నప్పుడు నేర్చుకున్న ఆటొకటి ఇక్కడికి పట్టుకొచ్చింది. విక్టోరియా రాణి కాలం నాటి లండన్లో జరిగే ఆట. కథ యామిని చెబుతుంది. తక్కినవాళ్లు అందులో తలా ఒక మనిషయిపోయి, నేనిలా చేస్తాను, అలా అంటాను అని చెప్పాలి. అయ్యేదీ కానిదీ పాచిక వేసి తేలుస్తారు. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే సత్యప్రియ డాక్టరమ్మ వేషం కట్టింది. తులసి మిస్ అగస్టా అయింది. పెద్ద గౌను, ఈకల టోపీ, గొడుగు కర్రలో దాచిన కత్తి. గాలి బుడగ ఎక్కి సముద్రాలు దాటే ఒంటరి సాహసి.

అగస్టా గుండె ధైర్యం అంతా ఇంతా కాదు. నోరు మాత్రం కోనసీమదే. మొదటి రోజే ఓ దొంగ గొంతు మీద కత్తి పెట్టి, "కదలకండి బాబూ, పొడిచేస్తానండి" అంది. సత్యప్రియ నవ్వలేక చచ్చింది.

ఆ ఆదివారం కథ పట్టుమీదుంది. రేవు గిడ్డంగిలో ఒక పిల్లను దాచేశారు. పొద్దు గుంకేలోగా అగస్టా వెళ్లి విడిపించాలి. టోపీ పెట్టుకుని మెట్లు దిగుతోంది. యామిని, అద్దె ఇంటి యజమానురాలి గొంతు పెట్టి, "ఎక్కడికి, మిస్ అగస్టా?" అంది.

తులసి చేతిలో పాచిక ఆగిపోయింది.

"అడిగేసింది కదే. అగస్టా లోపలికొచ్చి కూర్చుంటుంది. మంచినీళ్లు తాగుతుంది."

"పిన్నీ, లండన్లో ఆ పట్టింపు లేదు."

"ఆవిడకి లేదేమో. అగస్టాకుంది."

యామిని ఆటలో నిక్కచ్చి మనిషి. కూర్చుంటే కూర్చున్నట్టే అంది. అగస్టా నీళ్లు తాగేలోగా దొంగలు పిల్లను పడవెక్కించి తీసుకుపోయారు.

"ఏవిటండీ తులసిగారూ, గుక్కెడు నీళ్ల కోసం పిల్లని పోగొట్టేసేరు!" అని సత్యప్రియ పాచికలు బల్లమీద పడేసింది.

తులసికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆటలో ఏడవడమేమిటని సిగ్గేసింది, అయినా ఆగలేదు. "నాకు ఒళ్లు మండిపోతోందే" అంది.

"ఇంటావిడ మీదా?" అంది యామిని.

"ఆవిడేం చేసిందే పాపం! అగస్టా మీద. కత్తి ఉంది, బుడగ ఉంది, వెనక్కి రమ్మంటే వచ్చేస్తుంది. సిగ్గులేని మనిషి."

తులసి లేచి గుమ్మం దాకా వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. వచ్చి కూర్చుని, "ఆ గుమ్మం దగ్గర మళ్లీ మొదలెడదామే. ఒక్కసారి" అంది. యామిని మొదట ఒప్పుకోలేదు. పిన్ని మొహం చూసి ఒప్పుకుంది.

"ఎక్కడికి, మిస్ అగస్టా?"

"అగస్టా సంచీలో నీళ్ల సీసా ఉంది. వెనక్కి రాదు. వీధిలోకెళ్లి గుర్రబ్బండి ఎక్కి కూర్చుంటుంది. కూర్చోవడం అయింది కదా? సీసా తీసి తాగుతుంది. తాగడమూ అయింది. ఇంక బండి తోలమంటుంది." తులసి పాచిక చేతిలోకి తీసుకుంది. "పాచిక ఎంత పడాలే?"

"మంచినీళ్లు తాగడానికి పాచికేంటి పిన్నీ?" అంది యామిని.

గురువారం పొద్దున్నే తులసి వంట ముగించి నీలం చీర కట్టింది. కట్టిన చీర విప్పి మళ్లీ కట్టింది. దిండి దాకా రమ్మని ఆటో ప్రసాద్‌కు ముందే చెప్పిపెట్టింది. ఆటో వచ్చి గేటు బయట ఆగింది. తులసి చెప్పులేసుకుంది. గొళ్లెం మీద చెయ్యి పడింది.

"ఎక్కడికే?"

ఆదివారం నుంచీ కూడగట్టుకున్నదంతా అరికాళ్లలోంచి కారిపోయినట్టయింది. వెనక పార్వతిగారు ఎప్పటిలాగే, "అయ్యో, నా నోరు పడిపోనూ! వచ్చి కూర్చోవే, మంచినీళ్లు తాగి వెళ్దువుగాని" అంటున్నారు. తులసి పాదం లోపలి వైపు తిరిగింది కూడా. అప్పుడు చేతిసంచీ మోకాలికి తగిలింది. అందులో సీసా ఉంది.

గేటు తీసి బయటికెళ్లి ఆటోలో కూర్చుంది. సీసా మూత తీసి గటగటా తాగేసింది. సగం చీర మీదే ఒలికింది.

"కూర్చున్నానండీ అత్తయ్యగారూ. మంచినీళ్లూ తాగేను."

పార్వతిగారు చేతిలో కత్తితోనే గేటు దాకా వచ్చారు. "ఆటోలో కూచుంటే కూచున్నట్టేనా?"

"ఆయ్. కూచున్నట్టేనండి." మాట వెనక్కి తీసుకోలేదు.

పార్వతిగారు కోడలిని చూశారు, తడిసిన చీర చూశారు. మొహంలో కోపం ఉంది, కోపం కానిదీ ఏదో ఉంది. చెయ్యి చాపి ఖాళీ సీసా లాక్కుని లోపలికి వెళ్లిపోయారు. ప్రసాద్, "పోనిమ్మంటారా అండీ?" అన్నాడు. "ఉండు బాబూ" అంది తులసి. ఎందుకు ఉండమన్నానా అని తనను తానే తిట్టుకుంది. ఇంకాసేపు ఆగితే దిగిపోతానని ఆమెకు తెలుసు.

పార్వతిగారు వచ్చారు. సీసా నిండా నీళ్లు. పైటతో తడి తుడిచి తులసి ఒళ్లో పెట్టారు. ఏదో అడగబోయి, ఆగి, మింగి, మళ్లీ నోరు తెరిచారు.

"దూరమా?"

"ఆయ్" అంది తులసి. "దూరమేనండి."