తొమ్మిది కాళ్ళ డొల్ల

మొన్న ఆదివారం ఉప్పల్ మార్కెట్‌లో పీతలు బేరం చేస్తుంటే, ఒకదాని వీపులోకి నా బొటనవేలు దిగబడింది. తడిపిన చపాతీపిండిని నొక్కినట్టుగా ఉంది. "గది మెత్తవడ్డది అవ్వా, సచ్చిందేమో. పారేస్త తియ్," అంది అమ్మే ఆమె. "పారెయ్యకమ్మా, నా సంచిలో వెయ్యి," అన్నాను. ఆ మెత్తదనం నా వేలికి తగిలి నలభై ఒక్క ఏళ్ళయింది. ఆనాడు సోమవారం.

అప్పట్లో నేను నాచారంలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్ని. భీమవరం నుంచి వచ్చి రెండు నెలలు. యాదగిరి ల్యాబ్ అటెండరు, చదివింది ఏడో తరగతి. ఆ రోజుల్లో నేను 'నువ్వు' అనే పిలిచేదాన్ని. ఇప్పుడు రాయబోతే 'ఆయన' అనే వస్తోంది. సీసాల్లోని జీవులు చాలావరకు ఆయన చెరువుగట్లు తిరిగి తెచ్చినవే. చీటీ మీద సేకరించినవారి పేరు మాత్రం ఎప్పుడూ లెక్చరర్లదే. అది అక్కడి ఆనవాయితీ.

కీళ్ళ కాళ్ళ జీవుల వర్గీకరణ నేను పుస్తకంలో చదువుకుంటే, ఆయన ఇరవై ఏళ్ళు తలుపు దగ్గర నిలబడి విని నేర్చుకున్నాడు. "ముందుగాల కాళ్ళు లెక్కవెట్టుండ్రి మేడం. ఆరుంటే పురుగు, ఎనిమిదుంటే సాలీడు, తేలు. పదుంటే రొయ్య, ఎండ్రికాయ." ఎండ్రికాయంటే మా వైపు పీత. ఆయనను ఇరికిద్దామని పూలకుండీ కింద దొరికిన బూడిదరంగు పురుగును చూపించాను. దానికి పద్నాలుగు. ఆయన నవ్వాడు. "గిది గుడ ఎండ్రికాయ సుట్టమే. నీళ్ళిడిసి గట్టెక్కింది, గంతే."

ఒక శుక్రవారం ఆయన చెరువు నుంచి ఒక పీతను తెచ్చి, రాళ్ళు వేసిన బేసిన్‌లో వదిలాడు. ఎప్పుడో ఏ వలో తగిలి ఎడమవైపు మూడో కాలు ఊడిపోయి ఉంది. తొమ్మిదే ఉన్నాయి. "లెక్క తప్పింది," అన్నాను. "పాత పొట్టు ఇడిసి కొత్తది తొడిగినప్పుడు అదే సరిజేసుకుంటది మేడం. జర ఆగుండ్రి, ముట్టకుండ్రి."

సోమవారం స్టాకు తనిఖీ. రిజిస్టరులో అరవై రెండు సీసాలు, అలమరలో అరవై ఒకటి. లెక్క కుదరకపోతే నాకు అన్నం సహించదు. బేసిన్‌లో చూస్తే పగిలిన డొల్ల ఒకటి, దాని పక్కన కదలకుండా మెత్తగా పీత. చచ్చి విడిపోయిందనుకున్నాను. తీసి ఫార్మలిన్‌లో వేసి, చీటీ అంటించాను. అరవై రెండు.

యాదగిరి వచ్చి ముందు బేసిన్ చూశాడు, తర్వాత సీసా. డొల్లను అరచేతిలో పెట్టుకుని నా ముందు చాపాడు. "లెక్కవెట్టుండ్రి మేడం." డొల్లకు తొమ్మిది. సీసాలోని దానికి పది. ఎడమవైపు మూడోది చిన్నది, లేతది, కొత్తగా వచ్చింది. "అది సావలే. గట్టివడనీకి రెండు దినాలు అడిగింది, గంతే."

తనిఖీకి వచ్చిన పెద్దసారు పెన్ను ఎత్తి, "పిల్లలకు చూపించాలని బేసిన్‌లో బతికించి ఉంచిన పీత ఎలా చచ్చిందోయ్?" అన్నాడు. నా ఉద్యోగం ఆ నెలాఖరున రెన్యువల్ కావాలి. నేను నేల చూశాను. "నీళ్ళు మార్సుడు మర్సిన సార్," అన్నాడు యాదగిరి. పిల్లలందరి ముందు ఆయనను తిట్టారు. నేను రిజిస్టరులో అరవై రెండుకు ఎదురుగా టిక్కు పెట్టాను. సాయంత్రం ఆయన డొల్లను దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి నాకిచ్చాడు. "ఉంచుకోండ్రి. పిలగాండ్లకు జెప్పొచ్చు." ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం ఎంత వెతికినా దొరకలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ఎప్పటిలాగే నేర్పాడు, ఇంకో ఎనిమిదేళ్ళు.

రిటైరై భువనగిరి దగ్గర సొంతూరికి వెళ్ళాడు. ఉప్పల్ నుంచి బస్సులో గంటన్నర. వెళ్ళి ఆ ఒక్కమాట ఒప్పుకోవాలని ఐదుసార్లు అనుకున్నాను. ఆరోసారి నిజంగా బస్సెక్కాను. ఆయన పోయి పదకొండు రోజులైందని కొడుకు చెప్పి, మంచినీళ్ళిచ్చాడు.

ఆ అగ్గిపెట్టె ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తిరిగొచ్చిన రోజే దానికి చీటీ రాశాను. సేకరించినది యాదగిరి. చంపినది నేను.

మొన్నటి పీత వంటింట్లో బేసిన్‌లో, రాళ్ళ మధ్య ఉంది. ఆదివారం, సోమవారం దాని జోలికి పోలేదు. ఇవాళ మంగళవారం. ఇందాక చెంచా కొనతో వీపు మీద తట్టాను. టక్కుమంది. "గట్టిపడింది యాదగిరీ," అంటూ తలుపు వైపు తిరిగాను.