రెండోసారి అడగని డబ్బా

నాందేడ్ వజీరాబాద్‌లో మా టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కూ నందకిషోర్ వర్క్‌షాపుకూ మధ్య ఒకటే గోడ. మా టకటకలు వాళ్ళకు, వాళ్ళ సోల్డరింగ్ పొగ మాకు. చాలా ఏళ్ళు అలా సర్దుకుపోయాం. కంప్యూటర్ల మీద నాకు మొదటి నుంచీ ప్రేమ లేదు. ఏదో ఒకనాడు అవి నా టైపు మిషన్ల పొట్ట కొడతాయని అప్పటికే అనుమానం. కానీ ఆ వర్క్‌షాపులో పనిచేసిన వత్సల గురించి చెప్పాలంటే వాటి ఊసెత్తక తప్పదు.

వత్సలది భోకర్ దగ్గర పల్లె, సెంటు భూమి లేని ఇల్లు. తండ్రి మారోతి, ఆ ఊరి ఆసామి దిగంబర్ పాటిల్ బావి దగ్గర నీళ్ళు కట్టే జీతగాడు. ఒక యాసంగి పంటకాలంలో తడి కాళ్ళతో మోటారు స్టార్టరు ముట్టుకుని అక్కడే ప్రాణం విడిచాడు. వత్సల అప్పటికి నాందేడులో పాలిటెక్నిక్ చదువుతోంది. దినాలు కాగానే ఆ పని తల్లి ఎంకవ్వకు దక్కింది. అదే బావి, అదే స్టార్టరు. పాటిల్ మరీ చెడ్డవాడేం కాదు, స్టార్టరుకు కొత్త మూత వేయించాడు.

డిప్లొమా అయ్యాక వత్సల నందకిషోర్ దగ్గర పనిలో చేరింది. అతనిది ఇత్వారాలో కిరాణా దుకాణం నడిపే ఇల్లు. బెల్లం, చింతపండు అతని ఒంటికి పడక ఈ వైర్లలో పడ్డాడు. ఎనభై ఆరులో అతనికొక ఆలోచన పుట్టింది. పంపు మోటారుకు ఒక తెలివైన డబ్బా తయారుచేయాలి. పోయిన కరెంటు తిరిగి వస్తే అది కాసేపు ఆగాలి, మూడు ఫేజులూ సరిగా ఉన్నాయో చూసుకోవాలి, అప్పుడు తనంతట తనే మోటారు నడపాలి. డబ్బా తలుపు తెరిచి ఉంటే మాత్రం లోపలి తీగలకు కరెంటు అందనివ్వకూడదు. ఈ చివరి ముక్క వత్సల చేర్చింది. ఎందుకని నందకిషోర్ అడగలేదు. మొదటి డబ్బా పాటిల్ బావి మీద, అదీ వచ్చే యాసంగిలోపే పెట్టాలని కూడా ఆమే ఒప్పించింది.

డబ్బాకు మెదడు కావాలి. అప్పట్లో రెండు చిప్పుల పేర్లు బాగా వినబడేవి. ఒకటి 8085, రెండోది జెడ్-80. ఇద్దరూ దాయాదులే, కాకపోతే జెడ్-80కి నాలుగు విద్యలు ఎక్కువ వచ్చు. నందకిషోర్ మనసు దాని మీదే ఉంది. వర్క్‌షాపులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు నడిచేదీ దాని మీదే. ఈ తర్జనభర్జన జరుగుతుండగా అతని తల్లి విమలాబాయి టిఫిన్ క్యారియర్ తెచ్చి గడప మీద కూర్చుంది.

“గా జెడ్-80 సికింద్రాబాద్‌ల ఎప్పుడు పోయినా దొరుకుతదా?” అని అడిగింది.

“ఒకపారి దొరుకుతది, ఒకపారి దొరకదమ్మా. గదే 8085 అయితే గంపలకెత్తినట్టు ఇస్తరు.”

“మల్ల దొరకని సరుకు దుకాణంల పెట్టద్దని మీ నాయిన జెప్తుండె గాదుర, నందూ?”

దాంతో 8085 ఖాయమైంది. ఇంజనీర్లు దీనికి ఇంకేం కారణాలు చెప్పుకుంటారో నాకు తెలియదు, నేను చూసింది మాత్రం ఇదే.

చిప్పులో ప్రోగ్రాం ఒకసారి ఎక్కించాక తప్పు దొరికితే చెరిపి మళ్ళీ ఎక్కించడం పెద్ద తలనొప్పి. అందుకని ముందే కంప్యూటరు మీద ఆడించి చూసుకుంటారు. వత్సల ముందు రెండు దారులున్నాయి. 8085 కోసం రాసింది జెడ్-80కి కూడా చాలా మటుకు అర్థమవుతుంది కాబట్టి కంప్యూటరు మీద నేరుగా నడిపేయడం ఒకటి. కంప్యూటరు చేత 8085 వేషం కట్టించడం రెండోది. దాన్ని సిమ్యులేటర్ అంటారట. పగటివేషగాడు పటేలు వేషం కడితే నడక నుంచి దగ్గు దాకా పటేలులాగే ఉండాలి కదా, ఇదీ అంతే. ఆ వేషాన్ని వత్సలే ముక్కముక్కగా రాసుకోవాలి. రాశాక కూడా అది నత్తలా నడుస్తుంది.

యాసంగి ముంచుకొస్తోంది. వత్సల మొదటి దారి పట్టింది. నందకిషోరే తొందరపెట్టాడని తర్వాత కొందరన్నారు గాని అది అబద్ధం. ఆ పిల్ల కళ్ళలో తల్లి తడి కాళ్ళే మెదులుతున్నాయి.

అక్కడొక చిక్కు వచ్చింది. డబ్బా తలుపు తెరిచి ఉందో లేదో చెప్పే తీగ 8085కి మాత్రమే ఉండే ఒక కాలికి, అంటే పిన్నుకు, కలిపి ఉంది. జెడ్-80కి ఆ కాలే లేదు. కాబట్టి పరీక్షలో ఆ చోట ‘తలుపు వేసే ఉంది అనుకో’ అని రాసి ముందుకు పోయింది. తక్కినదంతా చక్కగా నడిచింది. తర్వాత అసలు చిప్పులో ఎక్కించేటప్పుడు ఆ చోట తలుపు సంగతి అడిగే అసలు ఆజ్ఞ పెట్టింది. డబ్బా తయారైంది. నందకిషోర్ మాకు కూడా పేడాలు పంచాడు.

పాటిల్ ఊరికి పంపే ముందు మోటారుకు బదులు బల్బు తగిలించి చూస్తున్నారు. గోడ పక్క నుంచి నేనూ పోయి నిలబడ్డాను. తలుపు తీస్తే బల్బు ఆరింది, వేస్తే వెలిగింది. మళ్ళీ తీస్తే మళ్ళీ ఆరింది. అంతలో మా వీధిలో కరెంటు పోయి వచ్చింది. వత్సల ఏదో సర్దబోయి తలుపు తీసింది. కాసేపటికి తలుపు తెరిచి ఉండగానే బల్బు భగ్గుమంది.

ఆ సాయంత్రమంతా తలుపు తీశారు, వేశారు. బల్బు మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

“ఒక్కపారే గదా. తీగ వదులైనట్టుంది, గట్టిగ బిగియ్యి,” అన్నాడు నందకిషోర్. “పాటిల్‌కు మాటిచ్చినం.”

“మల్ల ఎప్పుడస్తదో ఎర్క లేదు సేఠ్. గదే నా భయం.”

“ఆపితే మరి మీ అవ్వకు ఈ యాసంగి గూడ పాత స్టార్టరే గదనే?”

వత్సల బల్బు విప్పి బల్ల మీద పెట్టింది. “పాతదాన్ని జూస్తె మా అవ్వకు బుగులు, సేఠ్. దూరం దూరం ఉంటది. దీన్ని నేను జేసిన అంటె బుగులు లేకుంట చెయ్యి వెడ్తది,” అంది.

డబ్బా ఆగిపోయింది. వత్సల రెండో దారి పట్టింది. నాకైతే ఒళ్ళు మండింది. అంత చిన్న మెరుపుకు ఇంత రాద్ధాంతమా అని మొహం మీదే అన్నాను. ఆమె నవ్వి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ వారమే మందపాటి రబ్బరు పట్టా ఒకటి తీసుకుని ఊరికి పోయింది. దాని మీద నిలబడే స్టార్టరు ముట్టుకుంటానని తల్లి చేత ఒట్టు వేయించుకుంది. నెల తర్వాత వెళ్ళి చూస్తే పట్టా ఇంటి ముందుంది, దాని మీద మేకపిల్ల హాయిగా పడుకుని ఉంది. ఆ మాట నాకు చెబుతూ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ఆ యాసంగి అంతా కరెంటు వచ్చినప్పుడల్లా ఆమె గోడ గడియారం వైపు చూసేది. అక్కడా ఇప్పుడే వచ్చిందేమో, అవ్వ ఇప్పుడు బావి దగ్గరికి పోతోందేమోనని. ఎంకవ్వకేం కాలేదు. అదృష్టమనే అనుకోవాలి.

వేషం కట్టడం వానాకాలానికి పూర్తయింది. ఆ నత్తనడకలో ఒక సుగుణం ఉందని అప్పుడు తెలిసింది. ఏ అడుగు దగ్గరైనా దాన్ని ఆపవచ్చు, ఆపిన చోట ఉత్తుత్తి తలుపు తెరిచి ఏం చేస్తుందో చూడవచ్చు. వత్సల ఒక్కో అడుగు దగ్గరా తలుపు తెరిచింది. ఒక చోట దొంగ దొరికాడు. కరెంటు రాగానే డబ్బా తలుపు సంగతి ఒకసారి అడుగుతోంది. వేసి ఉందంటే మోటారు నడిపే ముందు కాసేపు ఆగుతోంది. ఆ ఆగిన వేళలో తలుపెవరైనా తీశారేమోనని మళ్ళీ అడగడం లేదు. అడిగే మాట రెండోసారి రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. నేనన్న మాటలు నేనే దిగమింగుకున్నాను.

తర్వాతి యాసంగికి డబ్బా తీసుకుని భోకర్ పోయాం. జీపులో చోటుంటే నేనూ ఎక్కాను. బావి గట్టు మీద డబ్బా బిగించారు. మోటారు నడిచింది, గోధుమ మళ్ళలోకి నీళ్ళు పారాయి. ఎంకవ్వ పార చేత పట్టుకుని అంతా విన్నది. “తలుపు తీస్తె లోపల కరెంటు ఉండది, అవ్వా,” అని కూతురు చెప్పింది.

అంతలో కరెంటు పోయింది. మోటారు ఆగింది. వెంటనే మళ్ళీ వచ్చింది. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది, అంటే లెక్క చూసుకుంటూ ఆగిందన్న మాట. సరిగ్గా అప్పుడే ఎంకవ్వ పార కింద పెట్టి, తలుపు తీసి, తడి చెయ్యి లోపలి తీగల మీద పెట్టింది.

“అవ్వా!” అని వత్సల అరిచిన అరుపుకు జీపు దగ్గరున్న నందకిషోర్ పరుగెత్తుకొచ్చాడు. మా కళ్ళన్నీ ఎర్ర దీపం మీదే ఉన్నాయి. డబ్బా ఆగవలసినంత సేపూ ఆగింది. మోటారు కదల్లేదు.

“తీస్తె రాదని నువ్వే జెప్పినవ్ గదనే?” అంది ఎంకవ్వ, చెయ్యి తియ్యకుండానే.

“జెప్తే గిట్ల చెయ్యి వెడ్తవానే, అవ్వా?”

“నా బిడ్డ జేసింది నేనే నమ్మకుంటె ఊరోళ్ళు నమ్ముతరా?”

వత్సల ఒడ్డు మీద కూలబడి బోరుమని ఏడ్చింది. కిందటేడు వత్సల ఆపిన డబ్బా ఆ చోట ఉంటే ఆ చెయ్యి ఏమయ్యేదో అక్కడ తెలిసింది మాకు ముగ్గురికే. ఎంకవ్వకు ఎవరూ చెప్పలేదు. ఆమె తలుపు మూసింది. డబ్బా మళ్ళీ అడిగి, ఆగి, ఇంకోసారి అడిగి మోటారు నడిపింది.

“ఏడ్చింది సాలు గని లెవ్వు బిడ్డా,” అంది ఎంకవ్వ పార అందుకుంటూ. “గా మడి తిప్పు, నీళ్ళు పొర్లుతున్నయ్.”