గుండం అవతలి దిక్కు

ఉద్యమం రోజుల్లో కాలేజీలు మూతబడటంతో, భూపాలపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకునే మా తమ్ముడు జనగామలోని నా ఇంటికి వచ్చేశాడు. వాడిని కనిపెట్టుకుని ఉండటానికి కురవి దగ్గరి మా ఊరి నుంచి అమ్మ కూడా వచ్చింది. వాడి గదిలోనే ఉండే స్నేహితుడు తెలంగాణ కోసమని ప్రాణం తీసుకుని అప్పటికి నెల కూడా కాలేదు. తమ్ముడు ఏడవలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. ఆ మౌనం చూస్తే నాకు భయం వేసేది.

వాడి చేతిలో ఒక్క పుస్తకం మాత్రం ఉండేది. మెక్సికోను ఒకప్పుడు ఏలిన అజ్టెక్ జనం దేవుళ్ళ కథలు. చదువురాని అమ్మ సాయంత్రం చాటలో బియ్యం ఏరుతూ వాడిచేత చదివించుకునేది. వాడి నోట మాట వినడానికి ఆమెకు అదొక్కటే దారి. పాముల పావడా కట్టిన తల్లి గురించి వింటే "మన నాగమ్మనే గదా" అంది. ఆ తల్లి కడుపులోంచి కొడుకు ఆయుధాలతోనే పుట్టి, ఆమె మీదికి వచ్చిన వాళ్ళను నరికాడని వినగానే చాట పక్కన పెట్టేసింది.

"గిది మన వీరభద్రుడే! శివుని జడల నుంచి కత్తి పట్టుకొనే లేచిండు. గంత దూరం ఎట్ల పోయిండు బిడ్డా?"

తమ్ముడు నవ్వాడు. పోలిక ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకటి కాదని నాలోని టీచరమ్మ అనబోయింది. ఆ నవ్వు చూసి నోరు మూసుకున్నాను.

మర్నాడు సూర్యుడి కథ వచ్చింది. లోకమంతా చీకటి. ఎవరైనా మంటలో దూకితే సూర్యుడవుతాడు. నగలు పెట్టుకున్న దేవుడు మంట దాకా వెళ్ళి వెనక్కి తగ్గాడు. ఒళ్ళంతా పుండ్లున్న పేద దేవుడు కళ్ళు మూసుకుని దూకాడు. తెల్లవారింది.

"ఒక్కడు దుంకితే లోకానికంత వెలుగొచ్చింది అవ్వా" అన్నాడు తమ్ముడు అమ్మతో. వాడి గొంతు మారింది. వాడు మాట్లాడేది కథ గురించి కాదు.

అమ్మ చేతిలోని బియ్యం చాటలో వదిలేసింది.

"అవతల ఎవలు నిలవడ్డరు?"

"ఎవలేంది అవ్వా?"

"శివరాత్రికి మన వీరభద్రుని కాడ గుండం తొక్కుతరు గదా. నిప్పుల మీద నడిచొచ్చినోని కాళ్ళ మీద పోసెతందుకు ఇంటోళ్ళు పసుపునీళ్ళ చెంబు పట్టుకొని అవతలి దిక్కు నిలవడ్తరు. వాని కోసం ఎవలున్నరు?"

తమ్ముడు పేజీ తిప్పి చూశాడు. "ఎవలు లేరు."

"గట్లైతే గది గుండం కాదు. గుండమంటే దాటాలె బిడ్డా. నిప్పులల్లనే ఉండిపొమ్మని ఏ దేవుడు అడగడు." వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తెలంగాణ రావాలె. నువ్వు గూడ ఉండాలె. నాకు రెండూ కావాలె."

అప్పుడు ఏడ్చాడు వాడు, చిన్నపిల్లాడిలా.

ఆ శివరాత్రికి తమ్ముడు మా ఊళ్ళో గుండం తొక్కాడు. అవతల అమ్మ చెంబుతో నిలబడింది. నీళ్ళు పోశాక కూడా వాడి పాదాలు వదల్లేదు. వెనక వచ్చేవాళ్ళు కసిరితేగాని లేవలేదు.

కొన్నేళ్ళకు, తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు జనగామ వీధులు రంగుల్లో మునిగాయి. తమ్ముడు డప్పుల ముందు ఎగురుతున్నాడు. అమ్మ మాత్రం నన్ను వెంటబెట్టుకుని, రఘునాథపల్లి అవతల ఉన్న, చనిపోయిన ఆ స్నేహితుడి ఇంటికి వెళ్ళింది. ఆ తల్లి గడప మీద కూర్చుని ఉంది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ తల్లే ముందుగా అడిగింది.

"నీ కొడుకు మంచిగున్నడా అక్కా?"

అమ్మ తల ఊపింది. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి నాతో అంది.

"ఆమె గూడ అవతలనే నిలవడ్డది బిడ్డా. చెంబు పట్టుకొని ఇంకా గాడనే ఉన్నది."