మిట్టమధ్యాహ్నం హాజరు

మొన్న గుత్తి గ్రంథాలయంలో పేపరు చదువుకుంటూ ఉంటే వెనక నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. నేను పలకలేదు. మళ్లీ పిలిచారు. అప్పుడూ పలకలేదు. చివరికి కొత్తగా వచ్చిన లైబ్రేరియనమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, "ఏమన్నా, చెవుడొచ్చిందా?" అంది. చెవుడు కాదు, అలవాటు. అది ఎక్కడ అబ్బిందో చెబితే విని, రాసి పెట్టమని తనే కాగితాలు ఇచ్చింది. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రకరకాల ఇళ్ల నుంచి, రకరకాల మాటలతో బడికి వచ్చే పిల్లలతో ఎలా మెలగాలో ఇప్పుడు టీచర్లకు తెర మీద బొమ్మలేసి చెబుతున్నారు. మంచిదే. కానీ ఆ రోజు ఆ గదిలో జరిగింది ఏ తెర మీదా లేదు. చూసిన పెద్దవాళ్లం ముగ్గురమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు మొహం చాటేసిన కాలమది. అయ్యవార్లు లేని పల్లె బడులకు విద్యా వాలంటీర్లను తీసుకుంటూ గుంతకల్లులో శిక్షణ పెట్టారు. నేనూ మా చిన్నమ్మ కూతురూ చేరాం. నాకు కాలేజీ చదువు లేదు గానీ, గుత్తి గ్రంథాలయంలో పిల్లల మనస్తత్వం మీద ఉన్న పుస్తకాలన్నీ, చెదలు వదిలిపెట్టినంత మేరకు, చదివేశాను. అందుకని అడగని ప్రశ్నలకు కూడా నేనే జవాబులు చెప్పేవాణ్ణి. చెల్లెలు నోరు విప్పేది కాదు. దానికి ఉద్యోగం కావాలి, అంతే. స్టేషన్లో మూటలు మోసే చిన్నాయన నడుం పోగొట్టుకుని మంచం పట్టాడు. ఈ పని రాకపోతే బెంగుళూరు కూలికి పోవడమే.

చివర్లో పరీక్ష. ఒక్కొక్కరినీ ఒక్కో పల్లెకు తీసుకెళ్లి పాఠం చెప్పించేవారు. చెల్లెలికి బెళుగుప్ప దిక్కున గొర్రెలు కాసేవాళ్ల పల్లె వచ్చింది. మాకు శిక్షణ ఇచ్చే అయ్యవారి జీపులో నేనూ ఎక్కాను. దిగేసరికి మిట్టమధ్యాహ్నం. సగం ఇళ్ల వాకిళ్లకు ముళ్లకంప అడ్డం వేసి ఉంది. జనం వలస పోయారు. మందలను తుంగభద్ర కాలవల వైపు తోలుకుపోయారట. కుక్క కూడా మొరగలేదు. తెల్లటి ఎండలో మా నీడలు పాదాల కిందే ఇరుక్కుని ఉన్నాయి. ఒంటిగది బడిలో పిల్లలు మాత్రం బారుగా, కదలకుండా కూర్చుని ఉన్నారు.

చెల్లెలు పాత హాజరు పట్టీ తీసి మొదటి పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. రెండో పేరు. పలకలేదు. పిల్లలు పెదాలు బిగించుకుని, రెప్ప వేయకుండా, ఆమె నోటి వైపే చూస్తున్నారు. "మొద్దు పిల్లోళ్లప్పా," అన్నాడు శిక్షణ అయ్యవారు నా చెవిలో. "వీళ్ల నోరు తెరిపించేది ఈయమ్మతో అయ్యేది కాదు. ఇంగొకరిని చూడాల." పిల్లల మౌనం గురించి నేను చదివిన అధ్యాయం ఒకటి ఎత్తుకోబోయాను. అంతలో చెల్లెలు ఇంకో పేరు పిలిచింది.

"ఆఁ" అని పలికారెవరో.

గదిలోంచి కాదు, గోడ అవతలి నుంచి. సన్నటి ఆడపిల్ల గొంతు. పిల్లలందరూ ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు. నేను బయటికి వెళ్లి బడి చుట్టూ తిరిగాను. గోడ ఉంది, దాని మీద ఎండ ఉంది. గొర్రెపిల్ల అరిచి ఉంటుందని నా గ్రంథాలయ జ్ఞానం నచ్చజెప్పింది. గొర్రెలన్నీ ఊరు వదిలి ఎన్నాళ్లో అయింది.

లోపలికి వచ్చేసరికి చెల్లెలు కుర్చీ వదిలి పిల్లల పక్కన నేల మీద కూర్చుని ఉంది. "నాకూ భయమైతాంది పాపా. ఏమిది?" అంది పక్కనున్న పిల్లతో.

ఆ పిల్ల చెవుల మీద చేతులు తీయకుండానే గుసగుసలాడింది. "నువ్వు యెవురో చెప్పకనే పిలుస్తాండావు టీచరమ్మా. ఊరూ పేరూ చెప్పకుండా పిలిస్తే పలకగూడదంట, పలికితే పిలిచినోళ్ల యెంట పోవాల్నంట, మా అవ్వ చెప్పింది."

చెల్లెలు లేచి గడప దాటి, కొత్త చుట్టంలా బయట నిలబడి తన పేరు చెప్పింది. "మాది గుంతకల్లు. మా నాయన టేషన్లో మూటలు మోసేటోడు. లోపలికి రావచ్చునా?"

"బా అక్కా, బా!" అన్నారు పిల్లలు, ఇంట్లో మాట్లాడుకునే కన్నడంలో.

మళ్లీ పిలిస్తే ఒక్కో పేరుకూ పైకప్పు ఎగిరేలా జవాబు. గోడ అవతల పలికిన ఆ పేరు వచ్చినప్పుడు మాత్రం, "ఆ పాప లేదక్కా. వాళ్లమ్మోళ్లతో బెంగుళూరికి పాయె," అన్నారు.

"మల్ల ఇందాక పలికింది యెవురే?"

"అందుకే గదక్కా పలకగూడదనేది."

ఉద్యోగం చెల్లెలికి వచ్చింది. ఆ తర్వాత ప్రతి శిక్షణలోనూ ఆ అయ్యవారు హాలు గడప దగ్గరే ఆగి, తన పేరూ, తండ్రి పేరూ, ఊరూ చెప్పి, లోపలికి రావచ్చా అని కూర్చున్న టీచర్లను అడిగేవాడు. నవ్విన వాళ్లను అదే పల్లెకు పంపేవాడు.

ఇది రాయడానికి సాయపడిన మా చెల్లెలికి, ఆ అయ్యవారికి, చెవులు మూసుకున్న ఆ పిల్లకు, కాగితాలిచ్చిన లైబ్రేరియనమ్మకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పాలి. కానీ నా పేరే ఇందులో నేనెక్కడా చెప్పలేదు. అందుకని వాళ్ల పేర్లు పిలవకూడదు. తన ఊరూ పేరూ చెప్పకుండా మనల్ని పేరు పెట్టి పిలిచేది కాలం. పెదాలు బిగించుకుని ఎవరం ఎన్నాళ్లు కూర్చోగలం?