మూడు వారాలు ఏమీ తెలియనట్టు

జగదల్‌పూర్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి మా ఊరు కోంటాకు తిరిగొచ్చిన రెండేళ్ళలో నాకు పెళ్ళిచూపులకని వచ్చిన ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోయారు. మొదటివాళ్ళు అమ్మాయి మరీ చదువుకుందన్నారు. రెండో అతను కొత్తగూడెం వైపువాడు, బొగ్గు గనిలో ఉద్యోగం. బొగ్గు ఎట్లా తయారవుతుందో నాకు చెప్పబోయి తప్పు చెబితే సరిదిద్దాను. ఇచ్చిన టీ తాగకుండా లేచాడు. అదేం రోగమో, తప్పు మాట చెవిన పడితే నా నాలుక ఆగదు.

ఆ రోజు అమ్మ నన్ను వంటింట్లో కూర్చోబెట్టింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు బిడ్డా. నీ తెలివంతా పెళ్ళయినంక చూపిచ్చుకో, ఎవరొద్దన్నరు? ఇప్పుడైతే అవునా, నాకు తెల్వదండీ, గంతే."

మూడోసారి వచ్చినతను గీదం నుంచి. మాలాగే తెలుగువాళ్ళు, ఇనుప సామాన్ల కొట్టు. పకోడీల ప్లేటు తన ముందు పెడితే ముందుగా మా నాయనమ్మ వైపు జరిపాడు. అంతే, నాకు నచ్చేశాడు. దాంతోపాటే బెంగ కూడా పట్టుకుంది, ఇతను కూడా పోతాడేమోనని. మాట చెప్పడానికి వాళ్ళు నెల గడువు అడిగారు. ఈలోపు ఇద్దర్నీ ఫోన్లో మాట్లాడుకోమన్నారు.

మూడు వారాలు నేను తింగరిదాన్నయ్యాను. బ్యాంకు ఫారం ఎట్లా నింపాలని అడిగాను, మా వీధిలో సగం మందికి నింపిపెట్టేది నేనే అయినా. అతను ఓపిగ్గా చెప్పేవాడు. నేను "అవునా!" అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక, ఏ మాట ఎక్కువ వచ్చిందో, ఎక్కడ దొరికిపోయానోనని మొదట్నించీ మళ్ళీ గుర్తు చేసుకునేదాన్ని. అన్నం సయించేది కాదు. మీరంటే ఇష్టమని ఒకసారి అన్నాను, అదొక్కటీ తడుముకోకుండా.

ఒకరోజు అతను హుషారుగా ఉన్నాడు. వాళ్ళ నాన్న కొత్తగా చింతపండు వ్యాపారం మొదలుపెట్టాడట, సరుకు చూసే పని ఇతనికి అప్పగించాడట. "కొత్త చింతపండు ఎట్ల గుర్తుపట్టాల్నో తెలుసా నీకు? మంచి నల్లగ, మెత్తగ ఉంటది" అన్నాడు.

అయ్యో రామా! నల్లబడేది పాతది. చింతపండు కొట్టులో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా? చెప్పబోయాను. బొగ్గు అతను టీ వదిలేసి లేచిన దృశ్యం కళ్ళ ముందుకొచ్చింది. "అవునా! మా కొట్టంతా నాయనే చూస్తడు, నాకు తెల్వదండీ" అన్నాను. ఆ తర్వాత వారమంతా నాకు మనసు మనసులో లేదు. ఇంకెవరైనా చెబుతారులే అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాతి అంగడి రోజు మా కొట్టు ముందు గొడవయింది. లోపలి అడవి ఊళ్ళ నుంచి దోర్ల తెగ ముసలమ్మ ఒకామె బుట్టతో తెచ్చిన చింతపండును బయటి వ్యాపారి ఒకతను పాతదని కొట్టిపారేస్తున్నాడు. ఆమెకు హిందీ రాదు, అతనికి దోర్లీ రాదు. నాకు ఒళ్ళు మండింది. మా గోదాములోంచి నిరుటి చింతపండు ముద్ద ఒకటి తెచ్చి పక్కన పెట్టి, ఏది నల్లగా ఉందో, ఏది ఎర్రగా ఉందో చూడమని హిందీలో నిలదీశాను. మధ్య మధ్యలో ముసలమ్మకు దోర్లీలో ధైర్యం చెప్పాను. వ్యాపారి నసుగుతూ మంచి ధర ఒప్పుకున్నాడు. జనం నవ్వారు. నేను గెలిచిన మొహంతో వెనక్కి తిరిగాను.

గీదం అతను నిలబడి ఉన్నాడు, చేతిలో సంచితో. చెప్పకుండా వచ్చాడు.

"ఏంది, చింతపండు సంగతి నీకు తెలుసా?" అన్నాడు.

నిరుటి ముద్దను తీసి వెనక్కి దాచుకున్నాను.

"నల్లదే కొత్తదని నేనంటే అవునా అన్నవ్ గదా. ఉన్న నల్లదంతా కొత్త దాని ధర పెట్టి కొన్న. గోదాంల పడున్నది. మా నాయన నాతోటి మాట్లాడుతలేడు. గా సంగతే నీతోటి చెప్పుకుందామని వచ్చిన."

"చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటరేమోనని..." అన్నాను.

"చిన్నబుచ్చుకుందును. ఒక్క పూట. సరుకు మాత్రం కొనకపోదుము."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "నీకు గింత తెలివున్నదంటే నాకు సంతోషమే. తెలివిగల్ల పిల్లంటే పారిపోయేటోడ్నని ఎందుకనుకున్నవ్?" అన్నాడు. అప్పుడు అడిగాడు: "నేనంటే ఇష్టమన్నవ్ మొన్న. గది కూడ నేను చిన్నబుచ్చుకుంటనని చెప్పినవా?"

"లేదండీ. అదొక్కటి నిజం."

తూకం సరిగ్గానే ఉందని కొట్టువాడు చెబితే కొనేవాడు తలూపినట్టు తలూపాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. నేను మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తి, మర్యాదగానే మాట్లాడాడు.

గడువు తీరిన రోజు వాళ్ళ నాన్న మా నాన్నకు ఫోన్ చేశాడు. అమ్మాయి మంచిదేనట. అబ్బాయికే, ఏ మాట నమ్మాలో తెలియడం లేదట.

అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "మళ్ళ ఏం వాగినవే?" అంది, ఏడుపు గొంతుతో.

"ఏం వాగలేదమ్మా" అన్నాను. "అందుకే పోయిండు."