సెయ్యి మారకూడదు

బర్మాలోని యాంగోన్‌లో, లమ్మడా పేట దగ్గర, ఏటి అవతలి తన్లిన్ ఊరికెళ్లే బస్సెక్కాను. పక్కసీటు కుర్రాడు ఎవరితోనో తెలుగులో మాట్లాడి ఫోన్ పెట్టేసి, అందులో ఒకే బంతి వీడియోని మళ్లీ మళ్లీ చూస్తూ కింద అంకెలు కొడుతున్నాడు.

"ఏటి బాబూ అది?"

"బేస్‌బాలమ్మా. నా పనిదే. ఎవుడి బంతి బ్యాటుకి ఎందుకు తగల్దో లెక్క కడతాం."

"జోరుగా ఇసిరితే తగల్దు గదా."

"జోరుగా ఇసిరినోళ్లు శానామంది దెబ్బ తింటన్నారమ్మా. ఏ బంతికైనా సెయ్యి ఒక్కలాగే రావాల. అంకెలన్నీ అదే సెప్తన్నాయి. సెయ్యి మారితే ఏ బంతి వస్తందో ఎదుటోడికి తెలిసిపోద్ది."

వంతెన ముందు బస్సు ఆపారు. పటాలంలోకి కుర్రాళ్లని లాక్కుపోతున్న రోజులవి. ఒంటరిగా ఉన్నవాళ్లనే ముందు దించుతారు. సిపాయి మా దగ్గర ఆగి, నేనెవరని అతన్ని అడిగాడు.

"మా అమ్మ," అన్నాడు బర్మా భాషలో, బంతుల సంగతి చెప్పిన గొంతుతోనే.

సిపాయి నావైపు తిరిగాడు. "నా కొడుకే," అన్నాను. గొంతు బాగానే వచ్చింది గానీ, చెయ్యి వెళ్లి అతని మణికట్టు పట్టేసుకుంది. సిపాయి ఆ చేతినే చూస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచక, దాన్ని పైకెత్తి అతని జుట్టు సర్దాను. సిపాయి వెనకసీటుకి కదిలాడు.

వంతెన దాటాక, "సెయ్యి మారిపోనాదమ్మా," అన్నాడు మెల్లిగా. నవ్వలేదు. తన్లిన్‌లో దిగి జనంలో కలిసిపోయాడు.

పేరడగలేదు. ఇప్పటికీ ఆ వంతెన దగ్గర బస్సాగితే, నా రెండు చేతులూ సంచీ కింద దాచుకుంటాను.