కోపం రాని కణాలు

2022 అక్టోబరు. సియాటిల్ పక్కన బాతెల్‌లో వానలు మొదలయ్యాయి. మెదడు జబ్బులకు మందులు వెతికే ఒక చిన్న బయోటెక్ కంపెనీలో నాది సెల్ కల్చర్ పని. కణాలను ప్లాస్టిక్ ప్లేట్లలో పెంచి, వాటి మీద మందులు పరీక్షించాలి. సరిగ్గా ఆ నెలలో మా కణాలకు కోపం రావడం మానేసింది.

వాటి పేరు మైక్రోగ్లియా. మెదడులో న్యూరాన్లకు తోడుగా ఉండి, చెత్త ఎత్తేస్తూ కాపలా కాస్తాయి. బ్యాక్టీరియా తగిలితే రెచ్చిపోయి ఇన్‌ఫ్లమేషన్, అంటే మంట పుట్టించే సిగ్నళ్లు వదులుతాయి. ఆ మంట ఆరకుండా ఏళ్ల తరబడి రగిలితే పక్కనున్న న్యూరాన్లే దెబ్బతింటాయి. దాన్ని తగ్గించడానికి మేం నమ్ముకున్నది ఒక న్యూక్లియర్ రిసెప్టర్‌ని. అది కణం లోపల ఉండే ప్రోటీన్. తనకు సరిపడే అణువు వచ్చి అతుక్కుంటే డీఎన్‌ఏ దగ్గర చేరి, ఏ జీన్ పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెబుతుంది. మా మందు దాన్ని లేపి, మంట పుట్టించే జీన్లను ఊరుకోబెట్టాలి.

బ్యాక్టీరియా పైపొర ముక్కలతో కణాలను రెచ్చగొట్టడం, సగం కణాలకు మందు వేయడం, తేడా చూడడం. పరీక్ష ఇంతే. అది శ్రవంతి పని. వరంగల్ అమ్మాయి. ఇక్కడే మాస్టర్స్ ముగించి, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకునే అనుమతి మీద కొత్తగా చేరింది. మొదటి ప్లేట్ నుంచీ అదే వరస. మందు వేసినా వేయకపోయినా కణాలు ఉలకవు, పలకవు.

"నేనొచ్చినంకనే ఇట్లయితున్నది అక్కా. నా చేతుల్లనే ఏదో ఉన్నది," అంది ఒకరోజు దిగులుగా.

"చేతుల్లో ఏముంటుందే! ఈసారి నేను చేస్తా, చూద్దాం," అన్నాను. నేను చేసినా అంతే.

మా గ్రూప్ లీడర్ డయానా మంచి మనిషే. కానీ ఆమె పైన కూడా మనుషులున్నారు. నెలాఖరు రివ్యూలో చూపడానికేమీ లేకపోతే ప్రాజెక్ట్ ఆపేస్తారని చెప్పింది. ప్రాజెక్ట్ పోతే శ్రవంతి ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేకుండా ఓపీటీ ఎన్నాళ్లో నిలవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టే ఎత్తేవాళ్లం కాదు.

ఆ సోమవారం శ్రవంతి హుషారుగా వచ్చింది. వారం క్రితం హైకింగ్‌లో ఏదో ఆకు రాసుకుని చేతులంతా ఎర్రగా పొంగాయి. ఇప్పుడు ఆ జాడే లేదు.

"అర్జెంట్ కేర్‌ల స్టెరాయిడ్ గోలీలిచ్చిండ్రు అక్కా. ఒక్కసారే సల్లబడ్డది!"

నవ్వబోయి ఆగాను. "శ్రవంతీ, ఆ స్టెరాయిడ్ కణంలో దేన్ని పట్టుకుంటుంది?"

"గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ని. అది గూడ న్యూక్లియర్ రిసెప్టరే గద..." అంటూనే తలతిప్పి కణాలు పెరిగే ఇంక్యుబేటర్ వైపు చూసింది. "అక్కా, మన కణాలకు ఎవరైనా గోలీలిస్తున్నరా?"

తను చేరిన రోజుల్లోనే మేం మీడియం మార్చాం. మీడియం అంటే కణాల తిండి. రక్తం నుంచి వచ్చే సీరం మానేసి, బయట కొన్న ఒక పోషకాల సప్లిమెంట్ కలుపుతున్నాం. కణాలు నిగనిగలాడుతుంటే తిండిని ఎవరు అనుమానిస్తారు? వెంటనే సప్లిమెంట్ కంపెనీ టెక్నికల్ సపోర్ట్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"ఉంటుంది. న్యూరాన్లు బాగా బతకాలని కార్టికోస్టెరోన్ అనే స్టెరాయిడ్ హార్మోన్ కలుపుతాం," అన్నాడు అవతలి మనిషి. "ఏమైంది, కణాలు చచ్చిపోయాయా?"

"లేదు, మరీ హాయిగా ఉన్నాయి," అన్నాను. శ్రవంతి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ హార్మోన్ లేని మీడియం సొంతంగా కలిపాం. అనుమానం తీరాలని పాత మీడియంలో పెరిగిన కొన్ని కణాలకు స్టెరాయిడ్ రిసెప్టర్‌ని అడ్డుకునే మందు కూడా వేశాం. చివర్లో సిగ్నళ్లను కొలిచే ఎలైజా పరీక్ష. సిగ్నల్ ఎంత ఎక్కువుంటే ప్లేట్‌లో పసుపు రంగు అంత చిక్కగా వస్తుంది.

"అక్కా, జల్ది రా! పెండ్లి పసుపు లెక్కున్నది!" శ్రవంతి కేకకు పక్క ల్యాబ్ వాళ్లు కూడా తొంగిచూశారు. కొత్త మీడియంలో రెచ్చగొట్టిన కణాలు చిక్కటి పసుపు. పాత మీడియంలో అడ్డు వేసినవి కూడా పసుపెక్కాయి. మా మందు వేసిన చోట మాత్రం రంగు సగానికి పలచబడింది. అద్భుతమేమీ కాదు, కానీ కళ్లకు కనిపించే తేడా. డయానా ప్లేట్‌ని వెలుతురుకెత్తి చూసి, శ్రవంతిని గట్టిగా కౌగిలించుకుంది.

రివ్యూలో ప్లేట్ ఫొటో చూపించింది శ్రవంతే. ప్రాజెక్ట్ నిలిచింది. తనిప్పుడు సొంతంగా ఒక చిన్న టీమ్‌ని నడుపుతోంది.

అప్పటిదాకా ఊరుకున్న కణాన్ని చూస్తే బాగుందనుకునేదాన్ని. మేం తేబోయే శాంతి కోసం ఎదురుచూశామే తప్ప, కణం ముందే ఎవరి మాట విని ఊరుకుందో అడగలేదు. ఇప్పుడు ఎవరైనా మందు పనిచేయడం లేదని నా దగ్గరికి వస్తే, మందు సంగతి పక్కనపెట్టి ముందు వాళ్ల కణాలు ఏం తింటున్నాయో అడుగుతాను.